ముట్టని గిన్నె

మా పక్క పోర్షన్‌లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ నర్సు చనిపోయాక, ఆమె పెంచుకున్న ల్యాబ్రడార్ మా ఇంటికి వచ్చింది. ఖననం అయిన రోజు ఆమె కూతురు గొలుసు నా చేతిలో పెట్టి, "అన్నా, ఇల్లు సదురుకొని వచ్చి తీస్కపోత. అప్పటిదాంక జర సూస్కోండ్రి. అమ్మ యాదికి నాకు మిగిలింది గిదొక్కటే" అని నెక్కొండ రైలెక్కింది.

ఆ పూట అది తినలేదు. దుఃఖమనుకున్నాం. మరునాడూ తినలేదు. పాలన్నం, ఉడికించిన కోడి, చివరికి నా వాటా మటన్ కూడా దాని గిన్నెలోకి వెళ్లింది. అది ఎంతటి త్యాగమో మా ఆవిడకే తెలుసు. కుక్క గిన్నె ముందు కాళ్లు చాపి పడుకునేది. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారేది. మూతి మాత్రం పెట్టేది కాదు. గిన్నెకేసి, నాకేసి, నా వెనకున్న గుమ్మంకేసి చూసేది. నేనూ తిరిగి చూసేవాణ్ణి. ఎవరూ ఉండేవారు కాదు. మళ్లీ తిరిగి చూడాలంటే మెడ మొరాయించేది.

"నువ్వు గట్ల ముంగట కూసుంటే నాకే తినబుద్ధి గాదు, దానికేం తినబుద్ధయితది?" అన్నది మా ఆవిడ. వేరే గదిలోకి వెళ్లి కూర్చున్నాను. అయినా గిన్నె నిండుగానే ఉంది.

పరకాల నుంచి బావమరిది దిగాడు. కుక్కల జాతుల గురించి ఫోన్‌లో ఎన్ని వీడియోలున్నాయో అంత పరిజ్ఞానం అతనిది. "బావా, ల్యాబ్ అంటే పుట్టుడే నోరు తెర్సుకొని పుడ్తది. చెప్పులు, సబ్బు, ఏదైన మింగుతది. అసొంటిది తింటలేదంటే రోగమే. జాతిగుణం యాడికి పోతది?"

"పెంపకం ముందు జాతి ఎంతరా?" అన్నాను. బడిపంతులుగా చేసినవాణ్ణి. నేర్పితే ఏదైనా వస్తుందని నమ్మకపోతే అన్నేళ్లు జీతం ఏ మొహంతో తీసుకునేవాణ్ణి?

"నీ శిష్యులను సూసినంక గూడ గదే మాటనా?" అన్నాడు.

పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. ల్యాబ్‌కు ల్యాబ్ పరీక్షలన్నీ చేయించాం. అన్నింట్లో పాసైంది. డాక్టర్ సెలైన్ ఎక్కిస్తూ, "ఆకలి మస్తుగున్నది సార్, నోరూరుతాంది గద. కని ఇట్లనే ఉంటే మాత్రం బతకదు" అన్నాడు. అప్పటికే పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. నర్సు కూతురికి ఫోన్ చేసి రమ్మన్నాను. తల్లిని పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు, ఆ పిల్ల చేతికి ఇంకో చావు ఎలా అప్పగించను?

ఆమె వచ్చి కుక్కను వాటేసుకుని ఏడ్చింది. మా ఆవిడ బలవంతం చేసి అన్నం వడ్డించింది. ఆ పిల్ల కొంగు తల మీద కప్పుకుని, కళ్లు మూసుకుని, సన్నగా ఏదో రాగంలో ప్రార్థన మొదలుపెట్టింది. కుక్క చెవులు నిక్కబొడుచుకుని లేచి నిలబడింది. "ఆమెన్" అన్నదో లేదో, గిన్నె మీద పడింది. కంచు గిన్నె గచ్చు మీద గిరగిరా తిరిగింది.

"అయ్యో, చెప్పుడే మర్సిపోయిన," అంది ఆ పిల్ల, ఏడుస్తూ నవ్వుతూ. "ప్రార్థన కాకముందు అమ్మ నన్నే మెతుకు ముట్టనియ్యకపోయేది. దాన్ని ఇడుస్తదా?"

మా ఆవిడ, నేను మొహాలు చూసుకున్నాం. ఇన్నేళ్లూ గోడ అవతల ఆ గొణుగుడు విని, పాపం ఒంటరిది, కుక్కతో ముచ్చట పెడుతోంది అనుకున్నాం.

ఇల్లు ఇంకా కుదురుకోలేదని ఆమె ఒక్కతే తిరిగి వెళ్లింది. కుక్క మా దగ్గరే ఉంది. మర్నాడు గిన్నె పెట్టి "ఆమెన్" అన్నాను. అది కదలలేదు. ఆఖరి పేజీ ఒక్కటే చదివి పరీక్షకు వచ్చే పిల్లలను నేను ఎలా చూసేవాణ్ణో, సరిగ్గా అలా చూసింది. సంగతి చెబితే, తల్లి ప్రార్థన చేస్తుండగా ఎప్పుడో రికార్డు చేసిన ఆడియోను కూతురు పంపింది. అది పెట్టాను. చనిపోయిన మనిషి గొంతు మా వంటింట్లో నిండుగా లేచింది. కుక్క గిన్నెను తన్నేసి, ఇల్లంతా పరిగెత్తి, మంచాల కింద, తలుపుల వెనక వెతికి వెతికి, చివరికి నా చేతిలోని ఫోన్‌ను వాసన చూసి మూలిగింది. మళ్లీ ఎన్నడూ ఆ గొంతు దానికి వినిపించలేదు. నేనే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్టాండ్‌లో, కూరగాయల మార్కెట్‌లో విని విని కంఠతా పట్టాను. అప్పటిదాకా దానికి మళ్లీ సెలైనే దిక్కు. నా జాతకంలో లేని చదువు, ఒక జాతి కుక్క చదివించింది.

మొదటిసారి మొత్తం అప్పజెప్పిన రోజు అది తిన్నది. మెల్లగా ఒళ్లు పట్టింది.

మొన్న సాయంత్రం అలాగే చెబుతున్నాను. "ఈ పూట మా పక్కన లేనోళ్లకు గూడ బువ్వ పెట్టు తండ్రీ" అనే చోటికి వచ్చేసరికి, మా ఆవిడ వంటింట్లోంచి గబగబా వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో గరిటె.

"నువ్వేనా?" అన్నది. మొహంలో నెత్తురు లేదు. "ఆమెనే అనుకున్న."

అప్పుడు విన్నాను. "తండ్రీ" దగ్గర ఆ సాగదీత, ఆ చిన్న దగ్గు కూడా, నావి కావు. ప్రార్థన అక్కడే ఆపేశాను. మిగిలింది ఆమెన్ అనే ఒక్క మాట. అది నా నోట్లోంచి ఎవరి గొంతుతో వస్తుందోనని భయం వేసింది.

కుక్క నాకేసి చూస్తోంది. గచ్చు మీద చొంగ మడుగు కట్టింది.

"అను జర," అన్నది మా ఆవిడ మెల్లగా. "పాపం, ఆకలైతాంది దానికి."

అన్నాను. అది తినసాగింది.