వై వేయమంటే టీ వేసిన ఇల్లు

మా వీధి మలుపులో కొత్తగా లేస్తున్న అపార్టుమెంటు దగ్గర నిన్న పొద్దున నేనొక పెద్ద రభస చేసి వచ్చాను. పాల ప్యాకెట్ల కోసం వెళ్లినదాన్ని తిన్నగా ఇంటికి రాకుండా, అక్కడ గోతిలో దిగి మరుగుదొడ్డి పైపులు కలుపుతున్న ప్లంబరు చేతిలోని ముక్క చూసి ఆగిపోయాను. అది టీ. ఒక పైపు వచ్చి ఇంకో పైపుకు సూటిగా, గోడకు మేకు దిగినట్టు తగిలే ముక్క. మంచినీళ్లకు సరిపోతుంది గానీ మురుగుకు అది పనికిరాదు, మురుగుకు వై కావాలి, పిల్లకాలవ పెద్దకాలవలో కలిసినట్టు ఏటవాలుగా వచ్చి కలిసే ముక్క. ఆ మాటే చెబితే అతను తలైనా ఎత్తకుండా, "నీకెందుకు మామ్మా ఈ గోల, ఇంటికి పో," అన్నాడు. ఇక నా నోరు నా మాట వినలేదు. డెబ్బై దాటిన ఆడమనిషి నడివీధిలో మురుగుపైపు కోసం అరుస్తుంటే జనం నవ్వుతారు, నవ్వారు కూడా.

ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది, నేను అరిచింది అతని మీద కాదు, మా బావగారి మీద. మావారి అన్నగారాయన. ఆయన పోయి పదేళ్లయింది, నా కోపం మాత్రం పోలేదు. పోయినవాళ్లను తిట్టకూడదని మన ఈడువాళ్లందరికీ పెద్దలు చెప్పే ఉంటారు గనుక ముందే చెబుతున్నాను, ఈ పూటకు నేనా నియమం పాటించడం లేదు.

మా నాన్న సాగర్ కాలనీలో ఫిట్టరు. డ్యాం కట్టే రోజుల్లో మాచర్ల వైపు నుంచి పనికి పోయినవాళ్లలో చాలామంది రాళ్లు మోస్తే, ఆయన క్వార్టర్లకు మురుగు గొట్టాలు వేశాడు. అప్పట్లో అన్నీ పోత ఇనుము గొట్టాలు, ఒక్కో ముక్క పసిపిల్లంత బరువుండేది. సెలవు రోజుల్లో నేను క్యారేజీ పట్టుకుని వెళితే, తిన్న తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్కలన్నీ వరసగా పరిచి పేర్లు చెప్పించేవాడు: బెండు, టీ, వై, మూత విప్పి లోపలికి బద్ద పెట్టి పొడవడానికి వీలుండే డోరు బెండు, వాసన పైకి రాకుండా కడుపులో కాసిని నీళ్లు దాచుకునే ట్రాపు. "నీళ్లకు తొందరెక్కువ, చెత్తకు బద్ధకమెక్కువ, ఒకదాన్నొకటి వదిలిపెట్టకుండా రెంటినీ కలిపి నడిపించాలమ్మాయ్," అనేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు ముందు బూడిదతో, తరవాత కుంకుడు రసంతో రుద్దుకుని, గోళ్లు వాసన చూసుకుంటే గానీ మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు.

నన్నిచ్చిన ఇల్లు శావల్యాపురం దగ్గర పొలాలున్న ఇల్లు. మావారు నరసరావుపేటలో బడిపంతులు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన చదువు మా నాన్నకు నచ్చింది, నేను ఆయనకు నచ్చాను, మా పుట్టిల్లు మాత్రం బావగారికి ఏనాడూ నచ్చలేదు. ఊళ్లో ఏ తగువు వచ్చినా తీర్పు చెప్పే పెద్దమనిషి ఆయన. అంతటి మనిషి మా నాన్నను ఒక్కసారైనా వరస పెట్టి పిలిచిన పాపాన పోలేదు, 'ఆ పైపులాయన' అనేవారు.

ముప్పై అయిదేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ కలిసి పేటలో ఒకే స్థలంలో ఇల్లు కట్టారు, కింద బావగారి కుటుంబం, పైన మేము. మెట్లు వేరు, వంటలు వేరు, మురుగు గొట్టం మాత్రం ఒకటే. ప్లాస్టిక్ గొట్టాలు అప్పుడప్పుడే మా వైపు వాడుకలోకి వస్తున్నాయి. పని జరుగుతున్నన్నాళ్లూ ఎదురుగా ఒక అద్దె ఇంట్లో అందరం కలిసే ఉన్నాం. గొట్టాలు వేసే రోజున మా నాన్న చూడ్డానికి వచ్చాడు. వెనక వరండా గోతిలో మేస్త్రి పెట్టిన టీని చూసి, చెప్పులు విడిచి దిగి, దాన్ని తీసి పక్కన పెట్టి, పైనుంచి దిగే గొట్టం ఇక్కడ వంపు తిరిగి వై మీదుగా కలవాలనీ, అక్కడే ఒక డోరు ఉండాలనీ, లేకపోతే ఎప్పటికైనా పైవాళ్ల మురుగు కిందవాళ్ల ఇంట్లోకి తంతుందనీ బావగారికి ఎంతో మర్యాదగా చెప్పాడు. బావగారు నవ్వారు. నవ్వి, కూలీలందరూ వింటుండగా అన్నారు:

"పాయిఖానాల్లో చేతులు పెట్టి బతికినోళ్లు మా ఇంటి మీద పెత్తనానికొస్తే ఎట్టాగయ్యా? ముందా గోతిలోంచి బయటికి రా. వీధి పంపు కాడ చేతులు కడుక్కో, ఇంట్లోకి మాత్రం రామాక."

మా నాన్న గోతిలోంచి పైకి వచ్చాడు. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, నేను వడ్డించిన విస్తరి వడ్డించినట్టే ఉండగా మాచర్ల బస్సెక్కి వెళ్లిపోయాడు. మావారు గుమ్మంలో నిలబడి కాలి బొటనవేలు చూసుకుంటూ ఉండిపోయారు. ఆ బొటనవేలిని నేను ఆయన బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉన్నాను.

కొత్తింట్లో చేరిన అయిదో నెలలో ఒక పొద్దున, కింద హాల్లో బావగారి కోసం ఊరి నుంచి వచ్చిన నలుగురు కూర్చుని ఉండగా, పైన నేను మరుగుదొడ్డిలో బకెట్టెడు నీళ్లు కుమ్మరించానో లేదో, కింద స్నానాల గదిలో మురుగు బుడబుడా పొంగి హాలు మొజాయిక్ మీదికి వచ్చేసింది. వచ్చినవాళ్లు కాళ్లు పైకెత్తుకున్నారు. మా తోడికోడలు కేకలు పెట్టింది. బావగారు మెట్ల మొదట్లో నిలబడి వీధంతా వినపడేటట్టు, "కావాలని గుడ్డలు కుక్కింది! వాళ్ల నాయన్ని ఓ మాటన్నానని కక్షగట్టి చేసింది!" అని అరిచారు. వీధి నమ్మింది. నాతో రోజూ పువ్వులు కట్టే పక్కింటి పిన్ని కూడా, "చానా తప్పు పని చేశావే," అంది.

ఆ పూటే బావగారు మా పై అంతస్తుకు నీళ్లొచ్చే వాల్వు కట్టేశారు. ఆరు రోజులు. వీధి పంపు నుంచి బిందెలతో నీళ్లు మోసుకున్నాం, దొడ్డికి వెళ్లాలంటే పొరుగిళ్లు బతిమాలుకున్నాం. మేస్త్రి వచ్చి వెదురు బద్దతో పొడవబోయాడు గానీ, డోరు లేదు గనుక బద్ద దూర్చే చోటే లేదు. నేల తవ్వుదామంటే బావగారు గునపం పడనివ్వలేదు. మావారు నన్ను ఓపిక పట్టమన్నారు. ఓపిక అనే మాట మీద నాకు విరక్తి పుట్టింది ఆ వారంలోనే.

ఏడో రోజు బావగారు పొలం పని మీద శావల్యాపురం వెళ్లారు. ఆయన బస్సు కదిలి ఉంటుందనుకున్నాక నేను గునపం తీసుకుని కిందికి దిగాను. తోడికోడలు చేతులు చాపి అడ్డం నిలబడింది.

"తప్పుకో అక్కా. లోపల గుడ్డ దొరికిందంటే రేపే ఈ ఇల్లొదిలి పోతా, పిల్లల్ని తీసుకుని."

ఆమె నా ముఖం చూసి తప్పుకుంది. వెనక వరండా నేల పగలగొట్టి, మట్టి తోడి, రంపంతో గొట్టం కోసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా ప్రహరీ మీదుగా చూస్తున్నారు. టీ ఎదురుగోడకు మురుగు గుద్దుకుని గుద్దుకుని, ముందుకు పోలేక, వెనక్కి రెండు బారలు ఎగదన్ని రాయిలా బిగిసి ఉంది. మా నాన్న చెప్పింది చెప్పినట్టు. అదంతా కర్రతో కెలికి బయటపోసి చూపించాను. పక్కింటి పిన్ని కొంగుతో ముక్కు మూసుకుని, "గుడ్డపేలిక గూడా లేదే," అని అందరికీ వినపడేట్టు అంది. ఆ ఒక్క మాటకు ఆమెను క్షమించాను.

చేతులు కడుక్కుని బజారుకు వెళ్లాను. కొట్టాయన నా వెనక మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూసి, మేస్త్రి రాలేదా అమ్మా అని అడిగాడు. "నేనే మేస్త్రిని," అన్నాను. ఆయన అలవాటుగా టీ తీసి బల్ల మీద పెడితే వెనక్కి తోశాను. వై, దానికి తగ్గ సగం వంపు బెండు, ఒక డోరు బెండు అడిగి, ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టి, చెత్త పట్టుకునే గరుకు అంచులేమైనా ఉన్నాయేమోనని లోపలంతా వేలితో తడిమి మరీ ఏరుకున్నాను. మూడింటికల్లా అన్నీ అతికించి, జాయింట్లు ఆరాక, వీధి పంపు నీళ్లు పైకి మోసుకెళ్లి నాలుగు బకెట్లు ఒకదాని వెంట ఒకటి కుమ్మరించాను. కింద చుక్క పొంగలేదు.

సాయంత్రం బావగారు వచ్చి పగిలిన నేల చూశారు. గొట్టం వైపు చూడనే లేదు. "ఎన్ని గుండెలే నీకు, నా ఇల్లు పగలగొట్టటానికి!" అన్నారు.

"గుడ్డేది బావగారూ? చూపించండి. చూపించలేకపోతే మాచర్ల వెళ్లి మా నాన్నకు తప్పయిందని చెప్పి రండి."

ఆయన వాల్వు తిప్పి లోపలికి వెళ్లిపోయారు. మాచర్ల వెళ్లలేదు, ఆ వారమే కాదు, ఆ తరవాత బతికిన పాతికేళ్లలోనూ.

ఆ ఆదివారం నేను మాచర్ల వెళ్లి జరిగిందంతా మా నాన్నకు పూస గుచ్చినట్టు చెప్పాను, మెచ్చుకుంటాడని. ఆయన అంతా విని, "డోరు మూత ఎటు తిప్పి పెట్టావే?" అన్నాడు. గోడ వైపన్నాను. "ఏందీ, గోడ వైపా! మళ్లా మూసుకుపోతే చెయ్యెట్టా పెడతారే వాళ్లు?" అని సాయంత్రం దాకా దాని గురించే బాధపడ్డాడు. నా గెలుపు ఆయనకు పట్టలేదు. కాని మా ఇంటి గడప ఆయన మళ్లీ తొక్కలేదు, అలాగే పోయాడు.

కొన్నేళ్లకు ఊరివాళ్లు ఇళ్లు కట్టుకుంటూ బావగారి దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లు. ఒకసారి పిట్టగోడ మీద బట్టలారేస్తూ విన్నాను. "అడుగున టీ వేశారంటే చచ్చారే. వై వెయ్యండి. డోరు మూత చేతికందేటట్టు పెట్టుకోండి," అని చెబుతున్నారు. ఇయ్యన్నీ మీకెట్టా తెలుసని ఎవరో అడిగితే, "అనుభవంరా," అన్నారు. మా నాన్నను గోతిలోంచి బయటికి రమ్మన్న రోజు కన్నా ఆ రోజు నాకు ఎక్కువ మండింది. చేతిలో ఉన్న తడి దుప్పటిని ఆరేయకుండా మళ్లీ మళ్లీ పిండాను.

ఇప్పుడు ప్లంబరు దొరకడమే గగనం. మొన్న సింకు కారుతుంటే మా కోడలు ఒకతనికి మూడు రోజులు ఫోన్లు చేసి పిలిపించింది. వస్తే సార్ అంది, సోఫాలో కూర్చోమంది, మేము తాగే గ్లాసులోనే కాఫీ ఇచ్చింది. అతను కాళ్లు చాపుకుని, పని గురించి రెండు మాటలు గట్టిగానే చెప్పి, నింపాదిగా తాగి వెళ్లాడు. ఎదురుగా కూర్చుని చూస్తుంటే సంతోషమే వేసింది. కాలం మంచికే మారింది, కాదనను. మా నాన్న ఉండగా మారి ఉండాల్సింది.