పెరట్లో రైలు

మా ద్వీపాల్లో పెరిగే పడాక్ చెక్క కోస్తున్న వాసన ఎక్కడ తగిలినా నాకు షాదీపూర్‌లోని మా పెరడు గుర్తొస్తుంది. సునామీ తర్వాత నాన్న అక్కడ రైలు కట్టారు. ఆ చెక్కతోనే పట్టాలు, బేరింగ్ చక్రాలు, పిల్లలు ఎక్కి కూర్చునే పెట్టె. ద్వీపంలో పుట్టిన నేను అప్పటికి అసలు రైలును చూడనేలేదు.

కార్ నికోబార్‌లో ఉండే మా మేనత్తను ఆ అల తీసుకుపోయింది. ఆమె కూతురు గ్రేసీ మా ఇంటికొచ్చాక మాట్లాడటమే మానేసింది. నాన్న ఆ రైలు కట్టింది తనకోసమే.

గ్రేసీని ఎక్కించి నేను వెనకనుంచి తోశాను. కొబ్బరిచెట్టు దగ్గర మలుపులో పెట్టె ఊగింది. గ్రేసీ పకపకా నవ్వింది. మరుక్షణం దిగిపోయి, మెట్లమీద కూర్చుని ఏడవసాగింది. నేను గట్టిగా తోసేశాననుకుని హడలిపోయాను.

"ఏటైంది గ్రేసీ, చోట్ తగిలిందా, దెబ్బేదైనా?"

"అమ్మ లేదు కదా. నేను నవ్వేశాను." మా ఇంటికొచ్చాక తను మాట్లాడటం అదే మొదటిసారి.

నాన్న వచ్చి తన పక్కన కూర్చున్నారు. "నేనూ నవ్వానమ్మా, ఈ పట్టాలు బిగిస్తున్నప్పుడు."

"తప్పు కాదా మామయ్యా?"

"తప్పులాగే ఉంటాది. ఐనా నవ్వు."

నవ్వితే తప్పేమిటో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. నన్ను తిట్టనందుకు మాత్రం సంతోషించాను.

మొన్న నాన్న పోయిన వారానికి, ఎవరో ఏదో అంటే గట్టిగా నవ్వేసి, దొంగతనం చేసినదానిలా చుట్టూ చూశాను. ఆ సాయంత్రం గ్రేసీకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. ఎందుకు చేశానో తను అడగలేదు.