తిరగలికి అవతలి పక్క

సీతారావమ్మ నోటికి జడిసి ఊళ్ళో కుక్కలు కూడా సందు మారి పోయేవని చెప్పుకునేవాళ్ళు. అందులో అబద్ధం పిసరే. అలాంటి మనిషి అమెరికాలో, పిస్కాటవేలో కూతురింటికొచ్చి, తిట్టడానికి ఒక్క మనిషి దొరక్క నోరు మూసుకు కూర్చుంది. తెల్లారితే కూతురు భానుశ్రీ ఒక కార్లో, అల్లుడు ఒక కార్లో ఆఫీసులకి పోతారు. ఇక వీధిలో నరమానవుడు కనపడడు. ఎదురింటాయన ఎప్పుడన్నా చెత్తడబ్బా బయట పెట్టడానికొస్తే చెయ్యి ఊపుతాడు.

"చెయ్యి ఊపితే పలకరింపా? ఈగను తోలినట్టు!" అని ఈవిడ కిటికీ అద్దానికి చెప్పుకునేది.

ఇలా ఉండగా శ్రావణమాసంలో ఆవిడ తోడికోడలు రాజ్యం పోయింది. తెనాలి పక్క పల్లెలో ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు ఇద్దరూ. ఈవిడ పెద్ద, రాజ్యం చిన్న. ఆఖరి చూపు ఫోన్‌లో చూపించారు. పట్టుకున్నవాడెవడో గానీ చెయ్యి కుదురు లేదు. కాళ్ళు కనపడ్డాయి, పూలు కనపడ్డాయి, మొహం దగ్గరికొచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోయింది. సీతారావమ్మ ఏడవలేదు. "ఫోన్‌లో చూసి ఏడిస్తే సినిమా చూసి ఏడ్చినట్టుంటుంది," అని లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. మిషను ఉండగా చేత్తో కడిగింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే తెలుగు సంఘం రాధారాణి ఇంటికొచ్చింది. దీపావళి ఫంక్షన్‌లో పిన్నిగారు స్టేజీ ఎక్కి తిరగలి పాట పాడాలట. కూతురు ఎక్కడో గొప్పగా చెప్పుకునుంటుంది.

"నాకు రాదు," అంది సీతారావమ్మ.

"అదేంటమ్మా? రోజూ పాడేదానివిగా!" అంది కూతురు.

"రాదన్నానుగా."

పొగరనుకుని వెళ్ళిపోయింది రాధారాణి. పొగరూ ఉంది, కాదనలేం. కానీ సంగతి వేరు. ఆ పాట ఒక్కమనిషిది కాదు. తిరగలికి ఇటొకరు, అటొకరు కూర్చోవాలి. ఒకే పిడి మీద ఇద్దరి చేతులూ పడితేనే రాయి కదులుతుంది. పొద్దున్న నీళ్ళ బిందె దగ్గర జుట్లు పట్టుకున్నంత పని చేసిన తోడికోడళ్ళు మధ్యాహ్నానికి మినుములో, కందులో ముందేసుకుని ఎదురెదురుగా కూర్చోక తప్పేది కాదు. మాటల్లేని రోజుల్లో కూడా పాట ఉండేది. పెద్దది అడిగేది:

"ఎక్కడున్నావే చెల్లీ, పొద్దు వాలిపోయె?"

చిన్నది జవాబు చెప్పేది:

"నీ మాడిన గిన్నె తోముతున్నానక్కా, చెయ్యి అరిగిపోయె."

ప్రశ్న ఎప్పుడూ అదే. జవాబు మాత్రం ఏ రోజుకారోజు కొత్తది. ఆ పూట ఏ విషయం మీద కడుపు మండిందో అది పాటలో పడేది. అత్తగారు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయేది. మరి ఆ జవాబులు ఎవరు రాసి పెట్టారు గనక? రాజ్యం నోట్లో పుట్టాయి, రాజ్యంతో పోయాయి. సగం పాట పట్టుకుని స్టేజీ ఎక్కి ఏం చెయ్యను, కుంటి గుర్రంలాగా? అదీ ఆవిడ బాధ. చెప్పుకుంటే పరువు తక్కువని చెప్పలేదు.

తల్లి మరీ ముడుచుకుపోతోందని ఒక శనివారం భానుశ్రీ బయల్దేరదీసింది.

"పాత నీళ్ళ మర ఉందమ్మా, గంట డ్రైవ్. కరెంటు లేని రోజుల్లో ఏటి నీళ్ళతో పిండి ఆడేవాళ్ళట. నీకు నచ్చుతుంది."

"పిండి చూడ్డానికి గంట కారెక్కాలా? మీ వంటింట్లో డబ్బాడు పిండి పురుగు పట్టి ఉంది."

అయినా వెళ్ళింది. హ్యాండ్‌బ్యాగులో, అలవాటు ప్రకారం, కాసిని పుట్నాల పప్పు పోసుకుంది. చెట్లన్నీ పసుపూ కుంకం కలిపి చల్లినట్టున్నాయి. ఏటి ఒడ్డున ఎర్ర రంగు చెక్క మేడ. దాని డొక్కకు ఆనుకుని, మేడంత చక్రం నీళ్ళు తాగుతూ, కక్కుతూ తిరుగుతోంది.

లోపల డోరతీ అనే ముసలావిడ పొడుగు గౌను, తలగుడ్డతో పూర్వకాలం వేషం కట్టుకుని వచ్చినవాళ్ళకు కథ చెబుతోంది. జీతం లేదట, ఊరికే చేస్తుందట. భానుశ్రీ తెలుగులో చెప్పుకొచ్చింది. మేడ మీద పెద్ద రాళ్ళున్నాయి గానీ అవి తిరగవు. బయట చక్రాన్నీ వాటినీ కలిపే పళ్ళచక్రాలు ఎప్పుడో అరిగి ఊడిపోయాయి.

"అయితే ఆ చక్రం ఎవరికోసం తిరుగుతున్నట్టు?"

"చూడ్డానికమ్మా."



కింద ఒక మూల బల్లచెక్క మీద చేత్తో తిప్పే తిరగలి ఉంది. అటూ ఇటూ రెండు పొట్టి స్టూళ్ళు. మరలు రాకముందు ఆడవాళ్ళు ఇలా విసురుకునేవాళ్ళంటూ డోరతీ వంగి, పిడి పట్టుకుని ఉత్త రాయిని గరగరా తిప్పింది.

"ఆపు! ఆపవే తల్లీ!" సీతారావమ్మ కేకకి ఫొటోలు తీసుకునేవాళ్ళంతా తిరిగి చూశారు. ఉత్త తిరగలి తిప్పితే ఇంటికి అరిష్టం. అది చెప్పేంత ఇంగ్లీషు ఆవిడకి లేదు, కూతురు చెప్పేదాకా ఆగే ఓపికా లేదు. బ్యాగులోంచి గుప్పెడు పుట్నాలు తీసి రాయి నడిమి బొక్కలో పోసేసింది.

"అమ్మా! ఇక్కడ ఏమీ టచ్ చెయ్యకూడదు!" భానుశ్రీ మొహం ఎర్రబడింది.

డోరతీ కంగారుపడి ఏదో అడిగింది.

"ఏమంటుంది?"

"అవి నట్సా అంటోంది. స్కూలు పిల్లలొస్తారు, ఎలర్జీ వస్తుందని."

"పుట్నాలకు ఎలర్జీ ఏమిటే, చంటిపిల్లలకు పెడతాం! ఉత్త రాయి తిప్పితే వచ్చే దరిద్రం మాటేమిటో అడుగు."

భానుశ్రీ సారీలు చెప్పింది, శనగలని చెప్పింది, అరిష్టం సంగతీ నసుగుతూ చెప్పింది. డోరతీ తల వంచి అంతా విన్నది. రాయి తర్వాత కడిగిస్తాలే అని గౌను సర్దుకుని ఒక స్టూలు మీద కూర్చుంది. రెండో స్టూలు చూపించింది.

సీతారావమ్మ కూర్చుంది. పిడి మీద డోరతీ చెయ్యి, ఆ పైన ఈవిడ చెయ్యి. దొరసాని మొదట అటు లాగింది, ఈవిడ ఇటు లాగింది. తర్వాత కుదిరింది. రాయి ఉరిమింది. అంచు వెంట లేతపసుపు పిండి రాలి, కమ్మటి వాసన లేచింది.

ఎన్నాళ్ళకో. గొంతు దానంతటదే అడిగేసింది.

"ఎక్కడున్నావే చెల్లీ, పొద్దు వాలిపోయె?"

రాయి ఒక చుట్టు తిరిగింది. డోరతీ నవ్వుతూ చూస్తోంది. భానుశ్రీ ఏదో అందివ్వబోయి, ఏం పాడాలో తెలియక నోరు తెరిచి మూసింది. జవాబుకు పట్టేంతసేపు సీతారావమ్మ ఆగింది. ఆ ఖాళీలో రాయి చప్పుడు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగింది.

మూడోసారి అడుగుతుంటే రాయి చప్పుడు మారింది, బోలుగా. పప్పు అయిపోయింది. బ్యాగు దులిపితే పొట్టు రాలింది. ఆవిడ చప్పున డోరతీ చేతిని అదిమి రాయిని ఆపేసింది. ఆ చేతి మీదే కాసేపు చెయ్యి ఉంచేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఎందుకు కొడతారు?" అంది సీతారావమ్మ, పమిటచెంగుతో మొహం తుడుచుకుంటూ. పిండి కళ్ళల్లో పడిందంది.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక సీతారావమ్మ అంది:

"భానూ, ఆ రాధారాణికి ఫోన్ చెయ్యి. పాడతానని చెప్పు."

"నిజంగానా అమ్మా? అవతలి పక్క ఎవర్నన్నా కూర్చోబెడతాం, రెండు లైన్లు నేర్పావంటే..."

"నేర్పితే వచ్చేది కాదు అది. ఊరికే ఒక పీట వేయించు. ఎవర్నీ కూర్చోనివ్వద్దు."

"ఖాళీ పీటా? జనం ఏమనుకుంటారమ్మా?"

"అనుకోనీ. నేనడుగుతాను, కాసేపు ఆగుతాను, మళ్ళీ అడుగుతాను. అంతే పాట." కిటికీ వైపు తిరిగింది. "ఆఁ, మైకు నాకొద్దు. నా గొంతు ఎటూ వినపడి చస్తుంది. దాని పీట దగ్గర పెట్టించు."