బట్టను తిప్పి చూసిన మనిషి

మా పెద్దబాపు పోయాడన్న కబురు, నూలు కొనడానికి నారాయణపేట నుంచి పట్నం వచ్చిన మనిషి చెప్పాడు. నేనప్పుడు బడి వెనక రంగు కాగు దగ్గర మోచేతుల దాకా నీలంలో ఉన్నాను. చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా రైలెక్కాను. ఏడవడానికే వెళ్లాను. కానీ పదకొండో రోజు జరిగినదాని వల్ల ఇది కోపంతో రాస్తున్నాను, పాఠకులు మన్నించాలి.

పెద్దబాపు మా నాయనకు అన్న. నాయన నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచి మగ్గం నేర్పింది ఆయనే. ఎవరు కొత్త బట్ట చూపినా ముందు వెనక్కి తిప్పేవాడు. "మొకం అందరు కడుక్కుంటరు. ఎన్క సూడు," అనేవాడు. పెళ్లిలో పెళ్లికొడుకు భుజం మీది కండువానైనా వదిలేవాడు కాదు. పెద్దమ్మ సిగ్గుతో తల దించుకునేది.

నేను నేత, అద్దకం బడిలో చేరతానన్నప్పుడు ఇద్దరం పట్నం వెళ్లాం. చూడాల్సిన బడులు రెండు. నా మనసు పెద్ద బడి మీదే ఉంది. రాతి మెట్లు, కుర్చీలు, గోడ నిండా నమూనాలు. పెద్దబాపు ఆ మెట్లెక్కలేదు, నేరుగా భవనం వెనక్కి నడిచాడు. అక్కడ ఊడ్చిన నేల, ఒక పూలకుండీ ఉన్నాయి. రంగునీళ్ల మరక లేదు, తెగిన పోగు లేదు.

"గీళ్లు ఏం నేస్తాండ్రురా? పైన పటారం, లోన లొటారం," అన్నాడు.

లోపల మగ్గం వార్నిషుతో మెరుస్తోంది. కాళ్ల కింది చెక్కలు అరగనే లేదు. జర కూర్చొని చూస్తానని పెద్దబాపు అడిగాడు. బడి పెద్దసారు ఆయన చేతుల వంక చూసి, "ముట్టుకోవద్దు, ఖరాబైతది," అన్నాడు. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మనిషితో అన్న మాట అది. నేను నోరు మెదపలేదు. చోటు దొరకదేమోనని భయపడ్డాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

రెండో బడి రేకుల షెడ్డు. దాని వెనక కాలువ నీలంగా, ఎర్రగా పారుతోంది, పక్కన చిక్కుపడ్డ నూలు కుప్ప. ఒక విద్యార్థి తప్పు నేసిన జానెడు బట్టను పోగుపోగు విప్పుతుంటే, సారు చేతులు కట్టుకుని ఊరికే చూస్తున్నాడు. పెద్దబాపు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"గీ బళ్లె చేరు," అన్నాడు.

"గీళ్లిచ్చే కాయితానికి ఇలువ లేదంటరు పెద్దబాపూ."

"కాయితం నేస్తదా?"

ఆ షెడ్డులోనే నేనిప్పుడు అద్దకం నేర్పుతున్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక పెద్ద బడి నుంచి ఒక అధికారి మోటారులో దిగాడు. పెద్దబాపు మగ్గాన్ని సగం నేసిన చీరతో సహా తమ హాలులో పెట్టి, చుట్టూ అద్దాలు బిగిస్తారట. ఆయన పనితనం గురించి చాలా విన్నారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతికున్నప్పుడు ఒక్క నిమిషం కూర్చోనివ్వని చోట, పోయాక ఆయన మగ్గం అలంకారమా? మీరే చెప్పండి. ఆ పెద్దమనిషి మగ్గం దగ్గరికి వెళ్లి, చీర అంచు ఎంత బాగుందో అంటూ చెయ్యి చాపాడు. తిప్పి చూడాలన్న ఆలోచనే లేదు. పెద్దమ్మ నా వంక చూసింది.

"ముట్టుకోవద్దు," అన్నాను. "ఖరాబైతది."

ఆయనకేమీ అర్థం కాలేదు. మోటారెక్కి వెళ్లిపోయాడు.

నేను గుంటలోకి దిగాను. ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తాం మేము. ఏడు అయిపోయాయి, ఎనిమిదోది సగంలో ఉంది. చెక్కల మీద పెద్దబాపు పాదాలు అరగదీసిన రెండు పల్లాలు నా కాళ్లకు తగిలాయి. నీలం ఇంకా వదలని చేత్తో, పేక నూలు నింపిన నాడె విసిరాను. పొద్దు వాలేవేళకు జానెడు నేశాను. పెద్దమ్మ వచ్చి నా పక్కన వంగింది. బట్ట అంచు కొంచెం ఎత్తి, వెనక వైపు చూసింది.