బట్టల బండ మీది రాత

“గీ బండకు ఉలి పెట్టొద్దనడానికి నువ్వెవరు, టీచరమ్మా? నా ఇల్లు, నా వాకిలి, నా బండ.”

“నీదే పెద్దమ్మా, నాదన్ననా? దానిమీద రాత ఉంది. జర చూసినంక ఏమన్న చేసుకో అంటున్న.”

“రాత గాదు, గంట్లు. పాత గంట్లు అరిగిపోయినయి. బట్ట జారుతున్నది, మురికి వదుల్తలేదు. రేపు పొద్దుగాల గంట్లు కొట్టేటాయన వస్తడు. రమ్మని చెప్పిన, ఇగ మాట తిప్ప.”

“గంట్లయితే గీత గీసినట్టు వరుసగ ఎందుకుంటయి?”

“కొట్టినోడు పనిమంతుడు.”

మా అత్త, నీలమ్మ టీచరు ఇట్లా మాటకు మాట అంటుంటే నేను తాండూరులోని మా ఇంటి గడప మీద నిలబడి ఉన్నాను. టీచరూ నేనూ అప్పుడే రైలు దిగి వచ్చాం. ఖాళీ అయిన రొట్టెల మూట కూడా కింద పెట్టలేదు. ఇదంతా ఎన్నో ఏళ్ళ కిందటి మాట. మొన్న మా పక్కింటివాళ్ళు నాపరాళ్ళు కోయిస్తుంటే తడి రాతిపొడి వాసన వంటింట్లోకి వచ్చింది. ఆ వాసనకే ఆ సాయంత్రం గుర్తొచ్చింది, దాని వెనకే నీలమ్మ టీచరు గుర్తొచ్చింది. నేను ఎవరినీ ఊరికే పొగడను. ఆమె సంగతి మాత్రం చెప్పాలి.

ఆమెది సేడం. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. రాష్ట్రాలు వేరు చేసినప్పుడు ఆమె పుట్టిల్లు అటు కన్నడ రాష్ట్రంలోకి పోయింది, ఉద్యోగం ఇటు ఉండిపోయింది. మా గోడకు అవతలి ఇల్లే ఆమెది. ఆడపిల్లల బడిలో పాఠం చెప్పేది, కోపం వస్తే కన్నడంలో తిట్టేది. నేను పూడూరు దిక్కు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. రెండో తరగతితో నా చదువు ముగిసింది. సెలవు రోజుల్లో ఆమె పాత కోటలు, గుళ్ళు చూడడానికి పోయేది. తోడుకు నన్ను పంపమని అడిగితే, టీచరమ్మ వెంట కాబట్టి అత్త సరేననేది. పెళ్ళయ్యాక నేను ఇల్లు దాటి నాలుగు ఊర్లు చూశానంటే ఆమె పుణ్యమే.

మొదటిసారి మల్‌ఖేడ్ కోటకు పోయాం. జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ, పల్లీల పొడి కట్టుకున్నాం. స్టేషన్ నుంచి ఎండలో నడిచి నడిచి చూస్తే సగం కూలిన గోడలు. నాకు ఒళ్ళు మండింది.

“అక్కా, పడిపోయిన గోడ చూడనీకె టికెట్టు పెట్టి రావాల్నా?”

“నిలబడ్డ గోడ మీ ఇంట్ల ఉంది గద తంగీ, రోజూ చూస్తనే ఉన్నవు.” ఆమె నన్ను కన్నడంలో చెల్లెలా అన్నట్టు ‘తంగీ’ అనే పిలిచేది.

నన్ను ఒక గడపరాయి దగ్గర కూర్చోబెట్టి, చేత్తో తడిమి చూడమంది. మా వాకిట్లో పరుచుకునే బండ లాంటిదే. నడుమ పళ్ళెం లాగా గుంత పడి ఉంది.

“ఇది ఎవరు చెక్కిండ్రు?”

“ఎవరు చెక్కలే. వచ్చేటోళ్ళు, పోయేటోళ్ళు తొక్కి తొక్కి అయింది.”

ఎంతమంది తొక్కితే రాయి అంత గుంత పడుతుందో అని ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. అంతవరకు రాయి అంటే నాకు రాయే.

ఆ తరువాత రెండేళ్ళకు, ఈ గొడవ జరిగిన రోజునే, గుల్బర్గా పోయాం. అక్కడ పాత గుమ్మటాల్లో మ్యూజియం పెట్టారు. లోపల చల్లగా ఉంది. దేవుళ్ళ విగ్రహాలు చూసి దండం పెట్టుకుని, గోడకు ఆనించిన నల్లటి బండల దగ్గరికి వచ్చాను. వాటిమీద వరుసలు వరుసలుగా చిన్న చిన్న వంకరలు. చూస్తూ ఉంటే ఒకటి ‘ర’ లాగా, ఇంకొకటి ‘గ’ లాగా అనిపించింది. కన్నడమా, తెలుగా అని అడిగితే, అప్పట్లో రెండూ ఒక్క తీరుగానే రాసేవాళ్ళని చెప్పింది నీలమ్మ. నేను వంగి దగ్గరగా చూశాను. ఆ వంకరలు నేను రోజూ కాలు పెట్టి నిలబడే మా బట్టల బండ మీద ఉన్నాయి.

మా దిక్కు రోలైనా, విసుర్రాయైనా, బట్టల బండైనా నున్నబడితే ఉలితో గంట్లు కొట్టిస్తారు. ఆ వంకరల్ని మేమంతా అరిగిపోయిన పాత గంట్లనే అనుకున్నాం. పోయిన ఏడాది అత్త వికారాబాదులో ఉన్న తన బిడ్డ దగ్గరికి పోయినప్పుడు, గంట్లు కొట్టేటాయన వీధిలోకి వస్తే పిలిచి, బండ ఒక కొస కొట్టించింది నేనే. రెండు వరుసలు పోయాయి.

మ్యూజియంలో నాకు ఇది గుర్తొస్తున్న సమయానికే నీలమ్మ ఒక బండ ముందు నిలబడింది. దాని సగం రాతను ఎవరో చెక్కేశారు. “ఎవరు చేసిండ్రో, వాళ్ళ చేతులు పడిపోను” అంది. నేను చేతులు కొంగులో పెట్టుకున్నాను.

రైల్లో సగం నిజమే చెప్పాను, మా బండ మీద కూడా ఇట్లాంటి రాత ఉందని. నేను కొట్టించిన సంగతి మింగేశాను. తెలిస్తే ఇక నన్ను వెంట తీసుకుపోదు. అదొక్కటే నా ఫికర్. ఆమె స్టేషన్ నుంచి తన ఇంటికి కూడా పోకుండా నేరుగా మా వాకిట్లోకి వచ్చింది. అక్కడ మొదలైంది ఈ గొడవ.

చివరికి అత్త విసిగిపోయి అనేసింది. “రాత, రాత అంటవు. పోయినేడు ఆ కొస మా కోడలే కొట్టించింది. మంచిగనే ఉంది. ఏ సర్కారోడు వచ్చి అడిగిండు?”

నీలమ్మ నావైపు తిరిగింది. నేను తల ఎత్తలేదు.

“నువ్వేనా?”

“నేనే అక్కా. తెల్వక.”

ఆమె బండ దగ్గర కూర్చుంది. కొట్టించిన కొసను తడిమింది, తరువాత మిగిలిన భాగాన్ని తడిమింది.

“ఎన్ని వరుసలు పోయినయి?”

“రెండు.”

“ఉన్నయి ఎన్ని?”

“చూడలే.”

“చూసి చెప్పు.”

వేలు పెట్టి చూస్తే తొమ్మిది ఉన్నాయి. చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

“మా సేడం ఇంట్ల గిట్లాంటిదే ఒక రాయి ఉండె తంగీ. చిన్నప్పుడు దానిమీద నేనే చింతపండు దంచేదాన్ని. నాకు తెలివి వచ్చేటాళ్ళకు ఒక్క అక్షరం మిగల్లే. నువ్వు తొమ్మిది వరుసలు మిగిలిచ్చినవు.”

“మరి చేతులు పడిపోను అంటివి?”

“అప్పుడు నా చేతులే మతికొచ్చినయి.”

మా అత్త నవ్వింది. ఆమె నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు. “ఇద్దరూ ఇద్దరే. సరే, ఆ రాత ఉన్న దిక్కు ఎవరినీ ముట్టనియ్య, పో” అంది. మ్యూజియంలో గుండెల మీద పడ్డ బరువు దిగిపోయి, అప్పుడు నాకు ఆకలైంది.

నాకిప్పుడు మనవలున్నారు. నేను కఠినమైన మనిషినని వాళ్ళ ఫిర్యాదు, అది నిజమే. కానీ ఏదైనా పగలగొట్టి వచ్చి నా ముందు నిలబడితే, ఎవరు పగలగొట్టారని ముందుగా అడగను. ఎంత మిగిలిందో చూసి రమ్మంటాను. నా చేతిలోది ఏదైనా పారేసే ముందు ఒకసారి తిరగేసి చూస్తాను. ఈ రెండూ నీలమ్మ దగ్గర నేర్చుకున్నవే.

ఆ గొడవ మర్నాడు పొద్దున గంట్లు కొట్టేటాయన వస్తే, అత్త బండకు బదులు విసుర్రాయి చూపించింది. నీలమ్మ బడికి పోయేముందు పెద్ద కాగితం, బొగ్గు తెచ్చింది. నేను కాగితం బండ మీద కదలకుండా పట్టుకున్నాను, ఆమె బొగ్గుతో రుద్దింది. నల్లబడిన కాగితం మీద తొమ్మిది వరుసలు తెల్లగా లేచాయి. ఆమె దాన్ని చుట్టుకుని బడికి పోయింది. నేను రెండు కడవల నీళ్ళు తోడుకుని, కొట్టించిన కొసన బట్టలుతికాను. మురికి బాగానే వదిలింది.