పాట కింద పడొద్దు

పోయిన ఏడు బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు ముందే అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసింది. "అవ్వ పోయిందే బిడ్డా" అంది. "ఈసారి పాట ఎవరెత్తుకుంటరో" అని కూడా అంది.

అవ్వ మాకు చుట్టం కాదు. మర్రిగూడలో మా ఎదురింట్లో ఉండేది. మా వాడకట్టు బతుకమ్మకు పాట చెప్పేది ఆమే. మైకు లేదు, డప్పు లేదు. ఆమె గొంతు, మిగతావాళ్ల చప్పట్లు, అంతే.

బావి నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె వెన్నును, మెడను బిగించేసింది. వంగి ఆడలేక బతుకమ్మ పూల పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. తల తిప్పలేక వెనకవాళ్లను చెవులతోనే చూసేది.

"గా ఎనక చప్పట్లు ఎవరియే? పొద్దుగాల తినలేదా?"

ఆడవాళ్లు నవ్వుతూనే గట్టిగా కొట్టేవారు.

కాన్వెంటు ప్రార్థనలో నేను పెదవులు మాత్రమే కదిపేదాన్ని. సిస్టర్లు ఎన్నడూ గమనించలేదు. బతుకమ్మ ఆటలో ఎదురుగా నిలబడిన మొదటి రోజే అవ్వ పట్టుకుంది. "పెదవులు ఆడుతున్నయి, గొంతేది? పుస్తకంల పెట్టి మరిచినవా?" ఆ తర్వాత సెలవుల్లో, గునుగు పూలకు రంగులద్దుతూ నాకు పాటలు నేర్పింది. నా గొంతు విన్నది ఆమె ఒక్కతే.

పండుగ ఆఖరి రోజు, సద్దుల నాటి చివరి పాటలో, ఆ ఏడు వాడలో పోయినవాళ్లకు తలా ఒక చరణం కట్టేది. పేరు కాదు, చేసిన పని చెప్పేది. బావి తవ్విన తాతకూ కట్టింది. ఆ నీళ్లే కదా నిన్నిట్లా చేశాయని అడిగాను.

"నీళ్లల్ల ఏమున్నదో గాయినకేమెరుక? మన దూప సూసి, ఎండిన నోళ్లు సూసి తవ్విండు."

ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

చరణం గుర్తురాకపోతే ఆమె చెయ్యి ఎత్తేది. "ఆగకుండ్రి. యాదికొచ్చేదాక ఉయ్యాలో అనుకుంట తిరుగుండ్రి. పాట కింద పడొద్దు."

అవ్వ పోయిన ఆ ఏడు పండుగకు నేను ఊరికొచ్చాను. సద్దుల పొద్దున మా చిన్నాన్న కొడుకు, "డీజే పెడితే అయిపాయె గద పెద్దమ్మా" అన్నాడు.

"అవ్వకు చరణం నీ డబ్బా కడతదారా?" అంది అమ్మ. తర్వాత నా వైపు చూసింది. అవ్వ పాటలన్నీ నాకు వచ్చని వాడంతటికీ చెప్పేసింది.

ఆ సాయంత్రం అవ్వ స్టూలును ఎవరో కడిగి, పూల పక్కన ఎప్పటి జాగాలోనే పెట్టారు. చివరి పాటలో, అవ్వకు నేను కట్టిన చరణం ఎత్తుకున్నాను.

"వంగలేని అవ్వ ఉయ్యాలో..."

రెండో సగం నాకు తెలుసు. గొంతు దాటి రాలేదు.

ఎవరూ ఆగలేదు, నా వైపు చూడలేదు. ఉయ్యాలో, ఉయ్యాలో అంటూ ఆ ఖాళీ స్టూలు చుట్టూ వంగుతూ లేస్తూ తిరుగుతూనే ఉన్నారు. వెనక వరుస చప్పట్లు కూడా గట్టిగానే వినిపిస్తున్నాయి.