పోశం పాత జీపీఎస్

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో చాయ్ తాగేటప్పుడు పోశం దారి చూపే తన పాత జీపీఎస్ యంత్రం తీస్తాడు. ఎవరెవరో ఆటగా గుట్టల్లో దాచిన డబ్బాలను, వాళ్లు నెట్‌లో పెట్టిన అక్షాంశ రేఖాంశాల అంకెల ఆధారంగా వెతికి పట్టుకోవడం అతని సరదా. దాన్ని కంప్యూటర్‌కు కలిపే కేబుల్ పాడైంది కాబట్టి, తెగిన పోగులు అతికించినంత ఓపికగా ఒక్కో అంకెనూ బొటనవేలితో నొక్కి ఎక్కిస్తాడు. పోయిన ఆదివారం ఒక్క అంకె తప్పుపడి, మల్యాల గుట్టకు బదులు మక్కచేనులో తేలాడు. కావలాయన కంకుల దొంగనుకుని తరిమాడు.

“గీ తుక్కు పారేసి ఫోన్ల సూస్కోరాదె కాకా?” పక్క మగ్గం సునీల్ నవ్వాడు.

“పోగు తెగితే ముడేస్తమా, మగ్గం పారేస్తమా?” అంటూ పోశం ఆ అంకె దిద్దాడు.

ఈ ఆదివారం, గుట్టకు వేరే దారి ఉన్నా, తాను దొంగను కానని తేల్చాలని అదే చేను గట్టెక్కాడు.

“మళ్లచ్చినవా?” కావలాయన కర్ర ఎత్తాడు.

“అచ్చిన. నీ కంకులకు గాదు.” పోశం జీపీఎస్ ఎత్తి చూపాడు కానీ, గుట్ట వైపు నడక ఆపలేదు.